ఫైలు ఉంది, అక్షరం లేదు: మన రాతలు గూడు మారిన చరిత్ర



ఈసారి పోరాటాల గురించి, రిజర్వేషన్ల గురించి కాకుండా కొంచెం పొడిగా అనిపించే విషయం మాట్లాడుకుందాం. ఫైళ్ళ గురించి. ఓపికగా చివరిదాకా చదవండి. ఇది కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి మాత్రమే సంబంధించిన ముచ్చట కాదని మీకే తెలుస్తుంది.

ఇరవై ఏళ్ళ కింద ఒక ఆదివాసీ సంఘం తన నివేదికను డీటీపీ సెంటర్‌లో కొట్టించింది అనుకుందాం. ఆ ఫైలు ఒక సీడీలో ఉంది. ఇప్పుడు మనం దాన్ని తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఫ్రెంచి అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడైపోయింది అనుకుని తీసిపారేస్తాం. నిజం చెప్పాలంటే అందులో ఒక్క అక్షరం కూడా పోలేదు. దాన్ని చదివే తాళంచెవి మన దగ్గర లేదు, అంతే. ఆ తాళంచెవి ఎలా పోయింది, మళ్ళీ ఎలా దొరుకుతుంది అన్నదే ఈ చరిత్ర.

గదుల నంబర్ల కథ

కంప్యూటర్‌కి అక్షరం తెలియదు, అంకె తెలుసు. ఏ అంకెకి ఏ అక్షరమో ముందుగా ఒప్పందం ఉండాలి. అమెరికాలో 1963లో ఆస్కీ అనే ఒప్పందం అచ్చయింది. అందులో మొత్తం 128 గదులు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కామాలు, ఫుల్‌స్టాపులు పెట్టుకోవడానికి అవి చాలు. తర్వాత గదులు 256 అయ్యాయి. పెరిగిన గదుల్లోకి యూరప్ భాషల అక్షరాలు వచ్చి చేరాయి. తెలుగుకి చోటు రాలేదు. ఇక గోండి, కోయ, సవర మాట ఎత్తేదెవరు?

మన దేశంలో దీనికి ఒక మంచి ప్రయత్నం జరిగింది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన పని 1988లో పుణెలో ఏర్పడ్డ సీడాక్ సంస్థ చేతికి వచ్చింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ అనే కోడ్‌ని ప్రమాణంగా ప్రకటించింది. ఇందులో తెలివైన సంగతి ఏమిటంటే బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నిటికీ ఒకే వరస. తెలుగు ‘క’, హిందీ ‘క’, ఒరియా ‘క’ అన్నీ ఒకే నంబర్. ఒక లిపిలో కొట్టింది ఇంకో లిపిలో చూపించడం తేలిక. ఆలోచన బాగుంది గానీ బజార్లో డీటీపీ సెంటర్లు ఆ దారిలో నడవలేదు. వాళ్ళు అడ్డదారి పట్టారు.

డీటీపీ రోజులు

అప్పట్లో అచ్చుపని అంటే పేజ్‌మేకర్. 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది, 1994లో ఆ కంపెనీని అడోబీ కొనేసింది. పేజ్‌మేకర్‌కి తెలుగు తెలియదు. అందుకని ఫాంట్ల కంపెనీలు ఒక ఉపాయం చేశాయి. ఇంగ్లిష్ అక్షరం ఉండే గదిలో తెలుగు ముక్క బొమ్మ పెట్టాయి. కంప్యూటర్ దృష్టిలో అది ఇంకా ఇంగ్లిష్ అక్షరమే, కంటికి మాత్రం తెలుగు కనిపిస్తుంది. అను ఫాంట్లు, శ్రీలిపి ఫాంట్లు ఇలాంటివే. ఇవి లేకపోతే తెలుగు అచ్చుపని ఆ రోజుల్లో కంప్యూటర్ ఎక్కేదే కాదు, కాబట్టి వాటిని తిట్టాల్సిన పని లేదు. కరపత్రాలు, పెళ్ళి కార్డులు, సంఘాల బులెటిన్లు, కోచింగ్ మెటీరియల్ అన్నీ వాటి పుణ్యమే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, తెలుగుకి ఉన్న 256 గదులు సరిపోవు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ కలిపితే ఎన్నో రూపాలు. అందుకే అక్షరాలను ముక్కలు చేశారు. ‘మ’ అనే అక్షరం కొన్ని ఫాంట్లలో ‘వ’ లాంటి ముక్క, దాని పక్కన తోక ముక్క. ‘ఘ’ కూడా అంతే. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఏ ముక్క ఏ గదిలో పెట్టాలో ఏ కంపెనీకి ఆ కంపెనీ నిర్ణయించుకుంది. ఒక కంపెనీ ఫాంట్‌తో కొట్టింది ఇంకో కంపెనీ ఫాంట్‌లో చూస్తే అర్థం కాని గీతలే. ఇంటర్నెట్ వచ్చాక పత్రికల వెబ్‌సైట్లు కూడా తలా ఒక ఫాంట్ పెట్టుకున్నాయి. ఒక పత్రిక చదవాలంటే ఆ పత్రిక ఫాంట్ దించుకోవాల్సిందే.

ఇదీ ఆ తాళంచెవి. ఫాంట్ ఉన్నంతవరకు ఫైలు తెలుగు. ఫాంట్ లేని మిషన్‌లో అది పిచ్చిరాత.

యూనికోడ్ వచ్చాక

1991 అక్టోబర్‌లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది. ప్రపంచంలోని ప్రతి లిపికీ సొంత గదులు ఇవ్వాలన్నది దాని సంకల్పం. తెలుగు మొదటి వెర్షన్‌లోనే ఉంది. మన లిపికి 128 గదుల వరస కేటాయించారు. అక్షరాల క్రమానికి ఇస్కీ పాత రూపాన్నే ఆధారం చేసుకున్నారు. కానీ కాగితం మీద చోటు దొరకడం వేరు, కంప్యూటర్‌లో కనబడడం వేరు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాకే మామూలు జనం మిషన్లలో యూనికోడ్ తెలుగు కనిపించడం మొదలైంది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలైంది. తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చి మిగతా పని పూర్తి చేశాయి. ఇప్పుడు మనం వాట్సాప్‌లో కొట్టేదంతా యూనికోడే.

మరి పాతదంతా ఏమైంది? అక్కడే మార్పిడి అవసరం పడింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి ‘పద్మ’ అనే చిన్న పరికరం తయారైంది. పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న పేజీలను అది అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చే పరికరాలు కూడా చాలానే వచ్చాయి.

ఈ పరికరాలు లోపల చేసే పని తెలుసుకుంటే మంచిది. ‘స్త్రీ’ అనే మాట తీసుకోండి. యూనికోడ్‌లో ఇది ఆరు అంకెలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. మనం పలికే వరస ఇదే. పాత ఫాంట్‌లో అయితే గుడి దీర్ఘంతో కలిసిన ‘సీ’ బొమ్మ ముందు, తర్వాత త వత్తు, ర వత్తు. అంటే కంటికి కనబడే వరస. కొన్ని ఫాంట్లలో ర వత్తు హల్లుకు ఎడమ పక్కన కనిపిస్తుంది కాబట్టి దాన్ని ముందే కొడతారు. మార్చే పరికరం మూడు పనులు చేయాలి. ఏ గదిలో ఏ ముక్క ఉందో పట్టిక చూడాలి. ముక్కలు కలిపి అక్షరం చేయాలి. ఆ తర్వాత కంటి వరసను నోటి వరసలోకి తిప్పాలి. పట్టికలో ఒక్క ముక్క తప్పినా, ఆ ముక్క వచ్చిన ప్రతిచోటా అదే తప్పు పడుతుంది.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ పట్టిక రాసినవాళ్ళు తెలుగు పత్రికలను, తెలుగు పుస్తకాలను దృష్టిలో పెట్టుకుని రాశారు. మన భాషలు వాళ్ళ లెక్కలో లేవు.

మన భాషల సంగతి

మన భాషలు ఒక గూటి నుంచి ఇంకో గూటికి మారడం కంప్యూటర్‌తో మొదలు కాలేదు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నారు. 1931లో సవర భాషా మాన్యువల్, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. నోటిలో ఉన్న భాష కాగితం మీదికి దిగింది. ఆ తర్వాత సవరలకు సొంత లిపి కూడా వచ్చింది. 1936లో మంగెయి గొమాంగో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దక్కింది. లిపి పుట్టి డెబ్భై ఆరేళ్ళకి.

గోండిది ఇంకా పెద్ద కథ. 1918లో బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగళ్ సింగ్ మసారాం ఒక లిపి చేశారు. కుమ్రం భీం అమరుడైన తర్వాత, 1940లలో నైజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. అక్కడి గోండి వాచకాలు దేవనాగరిలో అచ్చయ్యాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు: గోండి, కోయ, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా. ఆ పుస్తకాలకు తెలుగు లిపి వాడారు. అంటే ఒక్క గోండి భాషే మసారాం లిపిలో, దేవనాగరిలో, తెలుగులో ఉంది. నాలుగో లిపి సంగతి కింద చెప్తాం.

ఇవన్నీ ఒక్కచోట చేర్చాలంటే ఫైలు మార్పిడితో పాటు లిపి మార్పిడి కూడా చేయాలి. దేవనాగరిలో మామూలుగా ‘ఎ’కి, ‘ఏ’కి ఒకటే గుర్తు. ‘ఒ’, ‘ఓ’ కూడా అంతే. దేవనాగరి వాచకాన్ని మిషన్‌లో వేసి తెలుగు లిపిలోకి తిప్పితే, ఆ మాటలో ఉన్నది హ్రస్వమో దీర్ఘమో మిషన్ చెప్పలేదు. ఇంట్లో గోండి మాట్లాడే అవ్వ చెప్పగలదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా అక్కడ ఆగిపోవాల్సిందే.

తెలుగు లిపిలో రాసినప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. సవరలో, కువిలో గొంతు దగ్గర ఆపి పలికే ధ్వని ఉంది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. రాసేవాళ్ళు ఏదో ఒక గుర్తు, ఒక చుక్కో కామానో పెట్టి సర్దుకోవాలి. ఆ ఫైలును మామూలు తెలుగు పట్టికతో మార్చితే ఆ గుర్తును చెత్త అనుకుని పరికరం వదిలేయొచ్చు, లేదా ఇంకేదో పెట్టొచ్చు. చూడ్డానికి పేజీ శుభ్రంగా ఉంటుంది, మాట మాత్రం మారిపోతుంది. తెలుగులో లేని ధ్వనులు చూపడానికి పనికొచ్చే నుక్తా చుక్కకి తెలుగు వరసలో గది దొరికింది 2021లోనే. అంతకుముందు చుక్క పెట్టిన ప్రతివాళ్ళూ ఎవరి పద్ధతి వాళ్ళు పెట్టుకున్నారు.

గుంజాల కాగితాలు

ఇప్పుడు నాలుగో లిపి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి రాతప్రతులు పదికి పైగా బయటపడ్డాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటి మీద పనిచేసింది. అది దేవనాగరి కాదు, తెలుగు కాదు, మసారాం లిపి కూడా కాదు. పూర్తిగా వేరే లిపి. దాన్ని చదవగలిగిన పెద్దలు ఊళ్ళో కొద్దిమందే మిగిలారు. ఆ కొద్దిమంది లేకపోతే ఆ కాగితాలు మన పాత సీడీలోని ఫైలు లాంటివే అయ్యేవి. ఉన్నాయి, కానీ చదవలేం.

2014 మొదట్లో లిపి, దానికి తయారుచేసిన తొలి ఫాంట్ జనం ముందుకు వచ్చాయి. 2017లో మసారాం గోండి, 2018 జూన్‌లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరాయి. రెండూ వేర్వేరు లిపులుగా, వేర్వేరు వరసలతో.

మనం జాగ్రత్తగా చూడాల్సిన విషయం ఈ రెండు తేదీల మధ్యలో ఉంది. 2018కి ముందు గుంజాల లిపికి సొంత గదులే లేవు. కాబట్టి అంతకుముందు చేసిన ఏ ఫాంట్ అయినా వేరే గదులు అరువు తెచ్చుకోవాల్సిందే. డీటీపీ రోజుల్లో తెలుగుకి జరిగిందే ఇక్కడ మళ్ళీ జరిగినట్టు. ఆ నాలుగేళ్ళలో ఎవరైనా గుంజాల లిపిలో కొట్టి దాచుకున్నది ఉంటే, దాన్ని ఇప్పుడు యూనికోడ్‌లోకి మార్చాలి. తెలుగుకి మార్చే పరికరాలు పది దొరుకుతాయి. గుంజాల లిపికి ఆ పట్టిక మనమే రాసుకోవాల్సి రావచ్చు.

ఇంకో సంగతి. యూనికోడ్ అక్షరాలను నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుంజాల గోండి అక్షరానికి నాలుగు బైట్లు. ఆలస్యంగా వచ్చిన లిపులకు దూరపు గదులు దక్కాయి మరి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ‘యూటీఎఫ్8’ అన్న పాత అమరిక మూడు బైట్ల వరకే దాచుకుంటుంది. అలాంటి వెబ్‌సైట్‌లో గోండి పేరు గోండి లిపిలో కొడితే సేవ్ కాదు, లేదా ప్రశ్నార్థకాలు పడతాయి. నాలుగు బైట్లు పట్టే కొత్త అమరిక 2010 నాటికే వచ్చింది. కానీ దాన్ని ఎంచుకోవాలంటే, నాలుగు బైట్ల అక్షరాలతో రాసే మనుషులు ఉన్నారని వెబ్‌సైట్ చేసేవాళ్ళకి తెలియాలి. కంప్యూటర్ చదువుతున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది నోట్ చేసుకోండి.

పీడీఎఫ్ ఉంది కదా అంటే

చాలామంది అనేది ఇదే: పీడీఎఫ్ చేసి పెడితే సరిపోదా? పీడీఎఫ్‌ను అడోబీ 1993లో తెచ్చింది, 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. పేజీ ఏ మిషన్‌లో అయినా ఒకేలా కనిపించాలన్నది దాని గుణం. ఫాంట్‌ను తన కడుపులోనే మోసుకెళ్తుంది. అందుకే అను ఫాంట్‌తో చేసిన పీడీఎఫ్ ఫోన్‌లో చక్కగా తెలుగులో కనిపిస్తుంది. అందులో ఒక పేరా కాపీ చేసి పేస్ట్ చేసి చూడండి. మళ్ళీ అవే పిచ్చిరాతలు. కంటికి తెలుగు, కడుపులో ఇంగ్లిష్. సెర్చ్ చేస్తే మాట దొరకదు. చూపు లేని మన మిత్రులు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు.

స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అది ఫొటోలే. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 లాంటివాటి గురించి మనం రోజూ మాట్లాడుకుంటాం. ఏజెన్సీ స్కూళ్ళలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న ఆ జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఇలాంటి వాటి మీద వాదించాలంటే పాత జీవోలు, నివేదికలు, తీర్పులు వెతకాలి. స్కాన్ ఫొటోల్లో మాట వెతకలేం, వందల పేజీలు తిప్పాలి. కావలసిన పేజీ దొరికినవాడిదే వాదన.

అటవీ హక్కుల చట్టం సంగతీ ఇంతే. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగులో ఉన్నామని చూపాలి. ప్రభుత్వ రికార్డులు, మ్యాపులు, పెద్దల వాంగ్మూలం రాతలో పెట్టింది కూడా సాక్ష్యంగా తీసుకోవాలని 2008 నిబంధనలు చెప్తున్నాయి. ఊళ్ళో ఎవరి దగ్గరో ఉన్న పాత రసీదు, సంఘం నాడు కొట్టించిన సర్వే జాబితా, గ్రామసభ తీర్మానం కాపీ, ఇవన్నీ విలువైనవే. మరి ఆ జాబితా తెరుచుకోని ఫైలులో ఉంటే?

ప్రోగ్రాములు కూడా మన కోసం ఆగవు. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది. దాని తర్వాతి తరం ఇన్‌డిజైన్ కొన్నాళ్ళు పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరిచింది, సీఎస్6 తర్వాతి వెర్షన్లు తెరవవు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ మాత్రం కొన్ని పాత పేజ్‌మేకర్ ఫైళ్ళను ఇప్పటికీ తెరుస్తుంది. ఈ దారి ఎన్నాళ్ళు ఉంటుందో అన్నాళ్ళే మనకు గడువు.

మనం చేయగలిగింది

మొదటిది, అసలు ఫైలును ముట్టుకోవద్దు. దాని కాపీ తీసి ఆ కాపీ మీదే పనిచేయండి. మార్పిడి తప్పు పోతే మళ్ళీ వెనక్కి రావడానికి అసలుది ఉండాలి.

రెండోది, ఏ ఫాంట్‌లో కొట్టారో రాసిపెట్టండి. డీటీపీ సెంటర్ అన్న ఇంకా ఉంటే వెళ్ళి అడగండి. ఫాంట్ పేరు తెలిస్తే సగం పని అయినట్టే. ఆ పాత మిషన్ నడుస్తుంటే అక్కడే ఒక పీడీఎఫ్ కూడా తీయించండి. మార్చిన యూనికోడ్ పాఠాన్ని పక్కన పెట్టి పోల్చి చూసుకోవడానికి అది పనికొస్తుంది.

మూడోది, పరికరం ఇచ్చిన పాఠాన్ని నమ్మేయకండి. ఇద్దరు కూర్చుని ఒకరు చదవాలి, ఒకరు చూడాలి. ఇంటిపేర్లు, ఊరి పేర్లు, దేవతల పేర్లు, సర్వే నంబర్లు ముందు చూడండి. స్కాన్ నుంచి అక్షరాలు తీసే ఓసీఆర్ వాడినప్పుడు ఇంకా జాగ్రత్త. టెసరాక్ట్ లాంటి ఉచిత పరికరాలు తెలుగు చదువుతాయి. కానీ తెలుగు మాటలు చూసి నేర్చుకున్న యంత్రం గోండి మాటనో కోయ మాటనో దగ్గరలో ఉన్న తెలుగు మాటగా మార్చేసే ప్రమాదం ఉంది.

నాలుగోది, దాచేటప్పుడు మూడు రూపాల్లో దాచండి. యూటీఎఫ్-8లో మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి, ఓడీటీ లేదా డాక్ఎక్స్ ఒకటి, దీర్ఘకాలం దాచడానికే చేసిన పీడీఎఫ్/ఏ ఒకటి. పాత కాగితమైతే 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి. ఫోన్‌తో తీస్తే వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, అది నాణ్యత తగ్గించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

ఐదోది, ఎవరిది, ఏ ఊరిది, ఏ సంవత్సరం, ఎవరు మార్చారు అన్నది ఫైలు మొదట్లోనే రాయండి. ఇంకా ముఖ్యం, పెద్దల పాటలు, కులదేవతల కథలు, భూమి కాగితాలు నెట్‌లో పెట్టేముందు ఆ ఇంటివాళ్ళని, పెద్దమనుషులని అడగండి. అన్నీ అందరికీ చూపాల్సినవి కావు.

గిడుగు వారి రోజుల్లో మన మాటను కాగితం మీద పెట్టినవాళ్ళు బయటివాళ్ళు. మార్లవాయి వాచకాలకు లిపి ఎంచింది బయటివాళ్ళు. ఫాంట్లు, పట్టికలు రాసిందీ బయటివాళ్ళే. వాళ్ళలో మంచివాళ్ళు ఉన్నారు, వాళ్ళ మేలు మరవం. అయితే ప్రతి మార్పిడిలో ఏది ఉంచాలి, ఏది వదిలేయొచ్చు అని ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఇప్పుడు మనలో ఇంటర్ నుంచి పీహెచ్‌డీ దాకా చదివేవాళ్ళు ఉన్నాం. ఇంట్లో భాష తెలిసినవాళ్ళం, బయట కంప్యూటర్ తెలిసినవాళ్ళం ఒక్కరమే. ఆ నిర్ణయం మన చేతిలోకి రావాల్సిన సమయం ఇదే.

సెలవులకి ఊరికి వెళ్ళినప్పుడు అటక మీద, ట్రంకు పెట్టెలో, సంఘం బీరువాలో ఒకసారి చూడండి. ఫ్లాపీ, సీడీ, పాత పెన్‌డ్రైవ్ ఏది దొరికినా పారేయొద్దు. చెదలు కాగితాన్ని తింటున్నప్పుడు మనకి కనిపిస్తుంది. సీడీ పాడవుతున్నప్పుడు కనిపించదు. ఈ దసరాకే మొదలుపెడదాం.

జోహార్లు.